ఇందూరు మ్యూజియానికి పాతికేళ్ళు: కోటగిరి నుంచి అభినందన

నిజామాబాద్ (మన ఇందూరు) తిలక్ గార్డెన్‌లో ఉన్న జిల్లా పురావస్తు మ్యూజియం 2001లో మొదలైంది. ఈ 2026తో దానికి పాతికేళ్ళు నిండుతున్నాయి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి కూడా ఇది పండుగ సంవత్సరమే. 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా మొదలైన ఆ మహా సంగ్రహానికి ఈ ఏడాది 75 ఏళ్ళు. దాన్ని చూడటానికి దేశదేశాల వాళ్ళు వస్తారు, దాని ఉత్సవాల గురించి రాసేవాళ్ళకు కొదవ ఉండదు. తిలక్ గార్డెన్‌లోని మన చిన్న మ్యూజియం గురించి మనమే రాసుకోవాలి, మనమే సంబురం చేసుకోవాలి. మంజీర ఒడ్డు ఊళ్ళ తరఫున, కోటగిరి నుంచి ఈ నాలుగు మాటలు.

ఆ మ్యూజియంలో విభాగాలు మూడు: పురావస్తువులు, శిల్పాలు, కంచు-అలంకార వస్తువులు. పాతరాతియుగపు పనిముట్ల నుంచి విజయనగర కాలం దాకా మనిషి నడిచివచ్చిన దారి ఆ కొద్ది గదుల్లోనే కనబడుతుంది. ఒక పూటలో నింపాదిగా చూసి రావచ్చు. పిల్లలకు ఆ కొలతే సరిపోతుంది. పెద్ద మ్యూజియంలో మూడో అంతస్తుకు చేరేసరికి కాళ్ళు పీకి, కళ్ళు తిరిగి, ఏది చూశామో మర్చిపోతారు. ఇక్కడ ఒక్కో వస్తువు ముందు ఆగి, అడిగి, మళ్ళీ వెనక్కి వచ్చి చూసే తీరిక ఉంటుంది.

అక్కడున్న బిద్రీ వస్తువుల ముందు మా కోటగిరి వాళ్ళు కాస్త ఎక్కువసేపు నిలబడాలి. బీద్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర బీదర్ సీమ దాటి, మెదక్ దాటి, మా పొలాల పక్కనుంచి సాగి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. బీదర్‌లో పుట్టిన ఆ పనితనానికీ మనకూ మధ్య ఉన్నది ఒక్క ఏరే. ఆ వస్తువు తయారయ్యే తీరు తెలిస్తే ఇంకా ముచ్చటేస్తుంది. జస్తాలో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. నునుపు చేసిన పాత్ర మీద సన్నటి ఉలితో తీగలూ పూలూ చెక్కి, ఆ గాట్లలో వెండి తీగను సుత్తితో కొట్టి దిగ్గొడతారు. అప్పటిదాకా పాత్రంతా ఒకే తెలుపు, పూవు కంటికి ఆనదు. చివరికి బీదర్ కోటలోని మట్టిని నవాసారంతో కలిపి కాచి ఆ నీళ్ళు పట్టిస్తారు. పాత్ర ఒళ్ళంతా కాటుక నలుపు తిరుగుతుంది, వెండి మాత్రం అలాగే ఉండి తళుక్కుమంటుంది. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఒకరు పక్కన నిలబడి చెబితే అద్దం వెనకాల ఉన్న హుక్కా కుదురు కూడా పిల్లల కళ్ళ ముందు మెల్లగా నల్లబడుతుంది.

అలా పక్కన నిలబడి చెప్పడంలోనే చిన్న మ్యూజియం సత్తా అంతా ఉందని నా నమ్మకం. మ్యూజియాలకు ఏటా మూడు సందర్భాలు వస్తాయి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, 1977 నుంచి జరుగుతున్నది. నవంబరు 19 నుంచి 25 దాకా వారసత్వ వారోత్సవం. మొదటి రెండూ మన జిల్లా పిల్లలకు అచ్చిరావు. ఏప్రిల్‌లో పరీక్షల హడావిడి, మేలో బడులకు సెలవులు, పైగా నిజామాబాద్ ఎండ. నవంబరు వారమే మన పండుగ. వర్ని, కోటగిరి, బోధన్ మాగాణుల్లో వానాకాలం కోతలు మిగతా జిల్లాల కన్నా ముందే మొదలవుతాయి కాబట్టి అప్పటికి చేలల్లో పని కొంత తెరిపిన పడుతుంది, బడులు నడుస్తుంటాయి, గాలి చల్లబడుతుంది. ఫొటో ప్రదర్శన, క్విజ్, బొమ్మల పోటీ, గుళ్ళూ గోపురాల దగ్గరికి నడక, ఏది పెట్టినా జనం వచ్చే వారం అది.

వచ్చిన పిల్లలు ఏం తీసుకుపోతారో ఒక్క ఉదాహరణ చెబుతాను. వీరగల్లు అనే రాయిని చదవడం వాళ్ళకు నేర్పితే అరగంట పట్టదు. కింది గడిలో యుద్ధం: కత్తి ఎత్తిన వీరుడు, గుర్రమో పశువుల మందో. నడిమి గడిలో అప్సరసలు అతన్ని చెరో పక్క పట్టుకొని పైకి తీసుకుపోతుంటారు. పై గడిలో శివలింగం, దాని ముందు చేతులు జోడించి కూర్చున్న అదే వీరుడు. చావు, ప్రయాణం, కైలాసం, మూడే బొమ్మల్లో కథంతా వచ్చేసింది. ఇది నేర్చుకున్న పిల్ల సాయంత్రం ఊరికి పోయి, చెరువు కట్ట మీద పసుపు కుంకుమలు పూసి పెట్టిన రాయిని కొత్తగా చూస్తుంది. "అవ్వా, ఈయన పోట్లాడి చచ్చిపోయిండు, పైన శివుడి కాడ కూచున్నడు చూడు" అంటుంది. ఏండ్ల తరబడి మొక్కుతున్న రాయి ఎవరిదో అవ్వకు మనుమరాలు చెప్పే ఘడియ అది. మొక్కు ఎక్కడికీ పోదు, దానికి ఒక మనిషి తోడవుతాడు.

తెలంగాణలో చరిత్ర రచనకు ఊరివాళ్ళే పునాది వేశారన్న సంగతి ఈ పాతికేళ్ళ పండుగ నాడు గుర్తుచేసుకోవాలి. చరిత్ర పరిశోధకుడు కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూశాక ఆయన పేరిట హైదరాబాద్‌లో లక్ష్మణరాయ పరిశోధక మండలి నడిచింది. పల్లెలు తిరిగి శాసనాలకు ప్రతులు తీయించి 1935లో 'తెలంగాణా శాసనములు' అచ్చువేసింది. రాజాశ్రయం లేని రోజుల్లో చందాలతో, కాలినడకతో జరిగిన పని అది. ఆ తర్వాత కోటిలింగాలలో తపాలా ఉద్యోగి సంగనభట్ల నరహరి శర్మ రైతులకు దొరికిన పాత నాణేలను ఓపిగ్గా పోగుచేసి శాసన పరిశోధకులు డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారికి చూపించారు. శాతవాహన తొలి రాజు శ్రీముఖుడి నాణేలు అలా వెలుగులోకి వచ్చాయి, శాతవాహనుల తొలినాళ్ళ చరిత్రలో తెలంగాణకు చోటు దక్కింది. జీతం కోసం చేసిన పని కాదది, ఆయన పట్టుదల.

మన జిల్లాకు ఆ పాటి గతం లేకపోలేదు. పదహారు మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అస్మకం ఒక్కటే. దాని రాజధాని పోదనం మన బోధనే అని చాలామంది చరిత్రకారుల మాట. పోదనపురంలో భరతుడు నిలిపిన బాహుబలి విగ్రహాన్ని చూడాలని గంగరాజుల సేనాని చావుండరాయుడి తల్లి కోరిందనీ, ఆ కోరికే శ్రవణబెళగొళ గోమటేశ్వరుడికి కారణమైందనీ జైనుల ఐతిహ్యం. ఇక దగ్గరి కాలానికి వస్తే, 1937 ఆంధ్ర మహాసభ మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగింది నిజామాబాద్‌లోనే. ఖిల్లా జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథి, పక్కనే వట్టికోట ఆళ్వారుస్వామి, ఈ జ్ఞాపకాలన్నీ తిలక్ గార్డెన్‌కు ఎంతో దూరంలో లేవు. ఖిల్లా ఎక్కి, మ్యూజియం చూసి రావడం బడిపిల్లలకు ఒక్కరోజు ప్రయాణం.

ఇక్కడ మా ప్రాంతం తరఫున ఒక మనవి. కోటగిరి చరిత్ర రాజుల దగ్గర ఆగిపోయేది కాదు. 1923లో మంజీర మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ కట్టడం మొదలుపెట్టి 1931కి పూర్తిచేశారు. ఆనకట్ట రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్. ముంపుకు ఊళ్ళు లేచిపోయాయి, కాలువ పారిన చోట మాగాణి వచ్చింది. ఆ నీళ్ళ వెంబడి కోస్తా జిల్లాల రైతులు కుటుంబాలతో తరలివచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఆ ఊళ్ళ పేర్ల చివర నేటికీ 'క్యాంపు' అన్న మాట నిలిచింది అందుకే. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకుంది, చుట్టూ చెరకు పచ్చబరిచింది, 2015లో మూతపడింది. మంజీర దాటితే మహారాష్ట్ర. సంతలో తెలుగు, మరాఠీ, ఉర్దూ ఒకే బేరంలో వినబడతాయి. ఇదంతా చరిత్రే. దీనికి శిల్పాలు లేవు. తూము కాడి చౌకీదారు లాంతరు, చెరకు బండి ఇరుసు, మోట బొక్కెన, ఫ్యాక్టరీ కార్మికుడి హాజరు బిళ్ళ, చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ సిక్కా, ఇలాంటివే దానికి సాక్ష్యాలు. వీటిలో చాలా వరకు అటకల మీదే తుప్పు పడుతున్నాయి.

ఫ్రాన్స్‌లో ల క్రూజో అనే ఇనుప కార్ఖానాల ఊరు ఉంది. 1970ల్లో అక్కడ కొత్త తరహా మ్యూజియం పెట్టారు. కొలుములు, కార్మికుల ఇళ్ళు, కాలువ, గనులు, పనివాళ్ళ మాటలు అన్నీ మ్యూజియమే అన్నారు, ఊరివాళ్ళను చూసేవాళ్ళుగా కాక చూపించేవాళ్ళుగా నిలబెట్టారు. శక్కర్‌నగర్ తలుచుకుంటే నాకు ఆ ఊరే గుర్తొస్తుంది. ఫ్యాక్టరీ కూత విని టైము చెప్పుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది. వాళ్ళ గొంతులు రికార్డు చేయడానికి భవనం అక్కర్లేదు, సెల్‌ఫోనూ ఓపికా చాలు.

మ్యూజియం వాళ్ళకు, పాతికేళ్ళుగా ఆ గదుల తాళం తీసి, దుమ్ము తుడిచి, వచ్చిన ప్రతి పిల్లకూ ఓర్పుగా చెప్పిన సిబ్బందికి, పిల్లలను లెక్కపెట్టుకుంటూ బస్సెక్కించి తీసుకొచ్చిన బడి సార్లకు, టీచర్లకు ముందుగా దండాలు. రజతోత్సవానికి మేం కోరే కానుకలు పెద్దవేం కావు. ఒకటి, శాసనం ప్రతి తీయడం మా పిల్లలకు ఒక్కసారి చేయి పెట్టి చేయనివ్వండి. రాయిని కుంచెతో కడిగి, తడి కాగితం పరిచి, బుడగ లేకుండా కుంచెతో కొట్టికొట్టి అక్షరాల గుంటల్లోకి దించి, సిరా అద్దుతుంటే నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరం లేస్తుంది. ఏడొందల ఏళ్ళ కిందటి 'క' తన చేతి కింద లేవడం చూసిన పిల్లవాడు ఆ రాయి మీద సున్నం కొట్టనివ్వడు. ఇంకొకటి, ఉర్దూ చదవగలిగిన పెద్దలను కూర్చోబెట్టి పాత కాగితాలు చదివే రోజు పెట్టండి. సేత్వార్లు, పహాణీలు లాంటి భూమి పత్రాలు, ఫైసలా (తీర్పు) నకళ్ళు ఇంటింటా ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి, చదివే కళ్ళు తగ్గిపోతున్నాయి. తాత పేరు ఉర్దూలో ఎలా రాసి ఉందో మనుమడికి వేలు పెట్టి చూపిస్తే చాలు, ఆ కాగితం ఇక చెదలకు పోదు.

మాదీ ఒక బాధ్యత ఉంది. దున్నుతుంటే కుండ తగిలితే, బావి తవ్వుతుంటే విగ్రహం కనబడితే కలెక్టరుకు తెలపాలన్నది 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. రాత్రికి రాత్రి మాయమైన బొమ్మ మళ్ళీ మన జిల్లాకు రాదు. తిలక్ గార్డెన్‌కు చేరిన బొమ్మను మన మనుమలు కూడా చూస్తారు. ఈ మాట గ్రామసభల్లో చెప్పడం మా వంతు.

2031లో నిజాంసాగర్‌కు నూరేళ్ళు. ఇంకా ఐదేళ్ళుంది. అలీ నవాజ్ జంగ్ పుట్టిన జులై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నాం కదా, ఏటా ఆ రోజున కాలువ కింది ఒక ఊళ్ళో మ్యూజియం వాళ్ళు ఒక పూట బల్ల వేసి కూర్చుంటే, ఊరివాళ్ళు తెచ్చినవాటికి ఫొటోలు తీసి, చెప్పినవి రాసుకొని పోతే, నూరేళ్ళ నాటికి నిజాంసాగర్ గది ఒకటి దానంతటదే తయారవుతుంది. మొదటి ఊరుగా కోటగిరిని పెట్టుకోండి. పంచాయతీ ఆఫీసు ముందు నీడ ఉంది, బల్లలు బడి నుంచి తెస్తాం, మధ్యాహ్నం భోజనం మా ఇళ్ళ నుంచి వస్తుంది. తేదీ మీరు చెప్పండి.