ఒక్కడే, ఒక్క పడవ: జాషువా స్లోకం

వెనకటి రోజుల్లో మా ఊరి నుంచి చెరకు బండ్లు రాత్రిపూట ఫ్యాక్టరీకి పోయేవట. బండివాడు పగ్గాలు ఒక గుంజకు చుట్టేసి, తలపాగా విప్పి ముఖం మీద కప్పుకొని పడుకుంటే, తెల్లవారేసరికి ఎడ్లే బండిని గేటు ముందుకు చేర్చేవని మా నాన్న చెబుతుంటారు. ఎడ్లకు ప్రాణముంది, దారి తెలుసు. మరి ప్రాణం లేని ఒక కొయ్యపడవ, మనిషి నిద్రపోతుండగా, నడిసముద్రంలో రోజుల తరబడి తన దారిన తాను ఎలా పోగలదు? ఇంతవరకు రెండేసార్లు సముద్రం చూసిన నాకు, ఈ సందేహం వల్లనే జాషువా స్లోకం పరిచయమయ్యాడు. ఒంటరిగా తెరచాప పడవలో భూమిని చుట్టివచ్చిన మొట్టమొదటి మనిషి అతడు.

స్లోకం 1844 ఫిబ్రవరి 20న కెనడాలోని నోవా స్కోషియాలో ఒక రైతు ఇంట పుట్టాడు. పదకొండుమంది సంతానంలో ఐదవవాడు. అతనికి ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి పొలం వదిలి, బ్రయర్ అనే చిన్న ద్వీపం చేరి, జాలరులకు బూట్లు కుట్టే పని పెట్టుకున్నాడు. పిల్లవాడిని బడి మాన్పించి ఆ తోళ్ళ కంపులో కూర్చోబెట్టాడు. పన్నెండేళ్ళప్పుడు వాడు దొంగచాటుగా ఒక బొమ్మ ఓడ చెక్కుకుంటుంటే, తండ్రి చూసి ముక్కలు చేశాడు. పధ్నాలుగేళ్ళకు ఇల్లు విడిచి ఒక చేపల పడవలో వంటవాడుగా చేరాడు గాని, మొదటి వంట చూడగానే పడవవాళ్ళు గెంటేశారు! పదహారేళ్ళప్పుడు తల్లి చనిపోయింది. ఇక ఇంట్లో నిలవలేక ఓడ ఎక్కేశాడు. పాతికేళ్ళకల్లా కాప్టెన్ అయ్యాడు.

1871లో సిడ్నీ నగరంలో వర్జీనియా వాకర్‌ను పెళ్ళాడాడు. ఆమె కాపురమంతా ఓడ మీదనే. పిల్లలు పుట్టిందీ పెరిగిందీ అక్కడే. 1884లో బ్యూనస్ ఐర్స్ రేవులో, ఓడలోనే ఆమె కన్ను మూసింది. ఆ తర్వాత అతని రోజులు బాగా సాగలేదు. అసలు అతడు మెత్తని మనిషీ కాడు. ఒక ఓడ ఉద్యోగిని అన్యాయంగా నిర్బంధించాడని కోర్టు జరిమానా వేసింది. మరొకసారి తన మీద తిరగబడిన నావికులను తుపాకీతో కాల్చగా ఒకడు చనిపోయాడు. ఆత్మరక్షణ అని కోర్టు విడిచిపెట్టింది. 1887లో బ్రెజిల్ తీరాన ఓడ ఇసుకమేటల మీద పడి పగిలిపోయింది. అప్పటికి రెండవ భార్య హెన్రియెట్టా, ఇద్దరు కొడుకులు వెంట ఉన్నారు. అక్కడే 35 అడుగుల పడవ ఒకటి కట్టి, దానిలోనే వాళ్ళను 5,500 మైళ్ళ దూరంలోని అమెరికాకు క్షేమంగా చేర్చాడు.

చేర్చాడు సరే, ఆ తర్వాత పనేది? ఆవిరి ఓడలు వచ్చి తెరచాప ఓడలను మూలకు నెట్టేశాయి. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, తనకు తెలిసిన ఒకే ఒక విద్య ఎవరికీ అక్కరలేనిదైపోతే మనిషి ఏం చేయాలి? ట్రాక్టరు వచ్చిన ఏడాది మా ఊరి వడ్రంగి తాత ముఖంలో ఈ ప్రశ్నే కనిపించేదని మా నాన్న అంటారు.

1892లో పాత మిత్రుడైన ఒక కాప్టెన్, ఫెయిర్‌హావెన్ వస్తే ఒక ఓడ ఇస్తాననీ, కొంచెం మరమ్మతు చేసుకోవాలనీ చెప్పాడు. ఎంతో ఆశతో పోయి చూస్తే, ఒక బీడులో ఏడేళ్ళుగా మూటుకట్లు వేసి, గుడ్డ కప్పి నిలబెట్టిన ఆల్చిప్పల పడవ! పేరు స్ప్రే. ఊరివాళ్ళు నవ్వుకున్నారు. స్లోకం దగ్గరలోని ఓక్ చెట్టు నరికి, పడవకు వెన్నెముకలాంటి అడుగుదూలం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క చెక్కే మార్చుకుంటూ పోయాడు. పదమూడు నెలలు పట్టింది. ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల పైమాట. ఈ వెడల్పును గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

1895 ఏప్రిల్ 24న, యాభై ఒకటవ యేట, బోస్టన్ నుంచి బయలుదేరాడు. మంచి గడియారం మరమ్మతుకు 15 డాలర్లు అడిగారని దాన్ని వదిలేసి, ముఖం పగిలిన రేకు గడియారమొకటి బేరమాడి డాలరుకు కొన్నాడు. చంద్రుడికీ నక్షత్రాలకూ మధ్య కోణాలు కొలిచి రేఖాంశం కట్టే పాత లెక్క అతనికి కరతలామలకం. నమ్మశక్యం కాని మాటేమంటే, అతనికి ఈత రాదు.

మొదట అతన్ని వేధించింది తుఫాను కాదు, ఒంటరితనం. పొగమంచు కమ్ముకున్న రాత్రుల్లో చచ్చిపోయిన వాళ్ళందరూ గుర్తుకొచ్చేవారు. గొంతు మూగబోతుందేమోనని లేని నావికుడిని కేకలేసి పిలిచేవాడు, చివరికి పాటలు పాడేవాడు. క్రమంగా ఆ దిగులు సర్దుకుంది. పుస్తకాలు, వంట, పొద్దున్నే పడవ మీద పడివుండే ఎగిరే చేపలు: రోజుకు సరిపడా పని ఉండేది.

తప్పులు చేయలేదని కాదు. ఉరుగ్వే తీరాన రాత్రిపూట ఒడ్డుకు మరీ దగ్గరగా పోయి ఇసుకలో ఇరుక్కున్నాడు. లంగరు దూరంగా వేద్దామని చిన్న పడవలో పోతే అది బోర్లా పడింది. దాన్ని పట్టుకొని వేళ్ళాడుతున్నప్పుడుగాని, తనకు ఈత రాదన్న సంగతి తోచలేదట! అయితే పెనుగాలి వచ్చినప్పుడు అతడు పౌరుషానికి పోలేదు. పటగోనియా దగ్గర కొండంత అల వస్తుంటే, చాపలు దించి తాడు పట్టుకొని పైకి పాకాడు; అల పడవనంతా ముంచి దాటిపోయాక దిగాడు. మెజెల్లన్ జలసంధి దాటిన వెంటనే తుఫాను తరిమినప్పుడు, ఒక్క చాపా లేకుండా, వెనుక రెండు పొడవాటి తాళ్ళు నీళ్ళలో వదిలి పడవ పరుగును సర్దాడు.

ఆ జలసంధిలోనే, రాత్రిపూట డెక్ మీద చిన్న చిన్న మేకులు చల్లి పడుకుంటే, దోచుకోవడానికి ఎక్కిన స్థానికులు కాళ్ళకు గుచ్చుకొని నీళ్ళలోకి దూకారన్న కథ చాలామందికి తెలుసు. చదివి నేనూ నవ్వాను. కాని ఆ నేల వాళ్ళది. వలసవచ్చిన తెల్లవారి తుపాకులకూ రోగాలకూ ఆ జాతులు అప్పటికే నశించిపోతున్నాయి. ఆ సంగతి తెలిశాక మొదట నవ్వినంతగా నవ్వలేకపోయాను.

ఇక నా అసలు సందేహానికి వస్తాను. 1897లో ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న థర్స్‌డే ద్వీపం నుంచి కీలింగ్ దీవులకు 2,700 మైళ్ళు, 23 రోజుల్లో పోయాడు. అందులో చుక్కాని దగ్గర నిలబడింది, రేవులోకి పోయేటప్పటి సమయంతో కలిపి, సుమారు మూడు గంటలు మాత్రమే! మిగతా రోజులన్నీ చుక్కాని తాడుతో కట్టేసి ఉంది.

మంత్రమేమీ లేదు. గాలి చాపలను తోసే బలానికి ఒక కేంద్రం ఉంటుంది, నీరు పడవ ప్రక్కను అడ్డగించే బలానికి మరొకటి ఉంటుంది. ఇవి పొసగకపోతే పడవ ఒక ప్రక్కకు తిరిగిపోతూనే ఉంటుంది, చుక్కానిని ఎవరో ఒకరు పట్టుకొని ఉండాల్సిందే. స్ప్రేకు అడుగుదూలం పొడవు, ఒళ్ళు వెడల్పు. కాబట్టి ఊరికే బెదిరి తిరిగిపోదు. దారిలో స్లోకం పెద్ద కొయ్యను కురచ చేసి, వెనుక చిన్న కొయ్యతో మరొక చాప చేర్చాడు. వెనుకగాలిలో పెద్ద చాపను బాగా ప్రక్కకు చాపి, ముందు చాపను మధ్యగా బిగించి కట్టేవాడు. పడవ దారి తప్పి కొంచెం తిరిగిందా, వెంటనే గాలి ఆ ముందు చాపను నింపి ముక్కును మళ్ళీ దారిలోకి నెడుతుంది. ఎడమకు పోతే కుడికి, కుడికి పోతే ఎడమకు. మన లాబ్‌లో త్రాసు ముల్లు అటూ ఇటూ ఊగి నడిమికి వచ్చినట్లే. ఆ దారిలో వ్యాపార పవనాలు రోజుల తరబడి ఒకే దిక్కున వీయడం కూడా కలిసివచ్చింది. మా నాన్న కూడా దున్నే ముందు కాడినీ మేడినీ సర్దుకోవడానికే అరగంట తీసుకునేవారు. సరిగా కుదిరితే నాగలి తనంత తానే పోతుందనేవారు. ఒక్కడే నావ నడిపేవాడికి నిద్ర, తిండి, చదువు, ప్రాణం అన్నీ ఈ సర్దుబాటు మీదే ఆధారపడి ఉన్నాయి.

తర్వాత కథ త్వరగా చెబుతాను. దక్షిణాఫ్రికాలో భూమి బల్లపరుపుగా ఉందని నమ్మే అధ్యక్షుడు క్రూగర్‌ను కలిశాడు. భూమి చుట్టూ తిరిగి వస్తున్నవాడు ఆయన ముందు నిలబడటం తమాషా. సెయింట్ హెలీనాలో ఎవరో ఇచ్చిన మేక, వెస్టిండీస్ సముద్రపటాన్నీ, గడ్డి టోపీనీ నమిలేసింది. దాన్ని తర్వాతి ద్వీపంలో దించేశాడు. మేకను పెంచిన ఇంటివాడెవడైనా ముందే హెచ్చరించి ఉండేవాడు! 1898 జూన్ 27 రాత్రి ఒంటిగంటకు అమెరికాలోని న్యూపోర్టు చేరాడు. 46 వేల మైళ్ళు, మూడేళ్ళు దాటిన ప్రయాణం. కొద్ది రోజులకు ఫెయిర్‌హావెన్ పోయి, పడవను మొదట నీళ్ళలోకి దించినప్పుడు కట్టిన గుంజకే మళ్ళీ కట్టాడు.

1900లో తన ప్రయాణాన్ని పుస్తకంగా వేశాడు. అది ఈనాటికీ అచ్చవుతోంది. ఆ డబ్బుతో 1902లో మార్తాస్ వైన్‌యార్డ్ ద్వీపంలో పొలం కొన్నాడు. రైతు కొడుకు మళ్ళీ రైతు కావాలనుకున్నాడన్నమాట. కాని కుదురు లేదు. చలికాలం రాగానే స్ప్రేను దక్షిణాదికి నడుపుకొని పోయేవాడు. పడవ ముసలిదైంది, తాళ్ళు నలిగాయి, మునుపటి శ్రద్ధ తగ్గిందని చూసినవాళ్ళు చెప్పారు. చివరిసారి దక్షిణ అమెరికా నదుల వైపు పోతానని ఒంటరిగానే బయలుదేరాడు. ఆ తర్వాత అతన్ని గాని, స్ప్రేను గాని ఏ రేవులోనూ ఎవరూ చూడలేదు. 1909 నవంబరు 14 నాటి నుంచి అతడు చనిపోయినట్లేనని కోర్టు 1924లో తేల్చింది.

– బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం (గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు)