సవర పిల్లల పంతులు - గిడుగు రామమూర్తి



మనకు ఇంగ్లీషులో మార్కులు పోయేది స్పెల్లింగు దగ్గరే. బీ యూ టీ రాస్తే బట్ అంట, పీ యూ టీ రాస్తే మాత్రం పుట్ అంట. నైఫ్‌కు ముందర కే ఎందుకు, నైట్ మధ్యలో జీ, హెచ్ ఎందుకు అని అడిగితే, అది అంతే, బట్టీ కొట్టు అంటారు పై క్లాసు అన్నలు. అంత దూరం ఎందుకు, మన తిరుచానూరు పేరే చూడండి. తెలుగులో ఒక్క తీరుగానే రాస్తాం. ఇంగ్లీషులో ఒక బోర్డు మీద ‘నూ’ దగ్గర యూ ఉంటుంది, ఇంకో బోర్డు మీద రెండు ఓలు ఉంటాయి. బోర్డుకు రెండూ చెల్లుతాయి. పరీక్ష పేపర్లో మనం అట్ల రాస్తే మాత్రం చెల్లదు!

నోట్లోని మాటకూ రాసే అక్షరానికీ మధ్య ఉన్న ఈ తగవును జీవితమంతా పట్టుకున్న ఒక అయ్యవారి గురించి ఈసారి తెలుసుకుందాం. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజు అనే. ఆ రోజు ప్రసంగాల్లో వ్యావహారిక భాష గురించి చాలాసేపు చెప్తారు. సవర పిల్లకాయల గురించి ఒక ముక్క చెప్పి వదిలేస్తారు. మనలాంటి బడిలో చదివేవాళ్ళకు ఆ ముక్కే ముఖ్యం.

గిడుగు వారు 1863లో శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టినారు. అది వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం క్షేత్రానికి దగ్గర ఊరు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. పన్నెండేళ్ళకే తండ్రి జ్వరంతో పోయినారు. విజయనగరంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుని 1879లో మెట్రిక్యులేషన్ పాసైనారు. కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావు గారు అక్కడే ఆయన తోటి విద్యార్థి. ముఖలింగం గుడి రాళ్ళ మీద పాత శాసనాలు ఉన్నాయి. వాటి లిపిని ఎవరూ నేర్పకుండానే తనంతట తాను కూడబలుక్కుని నేర్చుకున్నారు. కొత్త అక్షరాలంటే ఆయనకు భయం లేదు.

1880లో పర్లాకిమిడి రాజా వారి స్కూల్లో టీచరుగా చేరినారు. జీతం 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ఎఫ్.ఏ., బి.ఏ. పరీక్షలకు ప్రైవేటుగా కట్టి పాసైనారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు. అక్కడ ఉండేది సవరలు. సంతకు వచ్చేవాళ్ళను ఊరివాళ్ళు తూకాల్లో, లెక్కల్లో మోసం చేసేది మామూలు. వాళ్ళ మాట ఊళ్ళో ఎవరికీ రాదు, ఊరి మాట వాళ్ళకు సరిగా రాదు. తెలుగు వచ్చినవాడికి సవర నేర్చుకోవడం సులువు కాదు, ఎందుకంటే ఆ రెండు భాషలకూ చుట్టరికమే లేదు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష, సంతాలీకి బంధువు. దానికి అప్పట్లో సొంత లిపి లేదు, చూసి నేర్చుకునే నిఘంటువూ లేదు. పంతులు గారు ఏం చేసినారంటే, తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక సవర మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని ఆయన దగ్గర శిష్యుడిగా కూర్చున్నారు. వంద ఏళ్ళకు పైబడిన కిందటి మాట ఇది. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ ఉపాధ్యాయుడు గిరిజనుణ్ణి గురువుగా ఇంట్లో పెట్టుకోవడం చిన్న సంగతి కాదు.

తర్వాత కొండలెక్కి ఊరూరా తిరిగి మాటలు, పాటలు, కథలు విని రాసుకున్నారు. ఆ తిరుగుడులో మలేరియా పట్టుకుంది. మందుగా మింగిన క్వినైన్ ఎక్కువై చెవుడు వచ్చింది. అది చనిపోయేదాకా పోలేదు. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోయిందంటే ఎట్లుంటుందో ఆలోచించండి. అయినా పని ఆపలేదు.

విన్నదాన్ని రాయాలంటే అక్షరాలు కావాలి కదా. మొదట తెలుగు అక్షరాలతోనే వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేసినారు. సొంత ఖర్చుతో బడి పెట్టి సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించినారు. పలికినట్టే రాయడం, రాసినట్టే పలకడం. ఇంట్లో అమ్మ అనే మాటే పలక మీద కనిపిస్తే పిల్లవాడికి అక్షరం తొందరగా అంటుతుంది. ముందు అది వచ్చినాక పక్క భాష నేర్పొచ్చు. మద్రాసు ప్రభుత్వం మెచ్చుకుని పారితోషికం ఇవ్వబోతే నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారట.

ఈ పనిలో ఉండగానే యేట్స్ అనే ఇంగ్లీషు దొర స్కూళ్ళ ఇన్స్పెక్టరుగా వచ్చినాడు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఒకటి ఎందుకని ఆ దొర అడిగిన ప్రశ్న గిడుగు వారికి గట్టిగా తగిలింది. ఇంగ్లండులో 1476లో కాక్‌స్టన్ అచ్చు యంత్రం పెట్టిన కాలానికి నైఫ్‌లో కే నిజంగానే పలికేవాళ్ళు. నైట్‌లో జీ హెచ్‌కు గొంతులోంచి వచ్చే ఒక శబ్దం ఉండేది. తర్వాత నోరు మారింది, అచ్చు మారలేదు. ఆ పాత అక్షరాలనే మనం ఇప్పుడు బట్టీ కొడుతున్నాం. అయితే ఇంగ్లీషువాళ్ళు పాత స్పెల్లింగు ఉంచుకున్నా, వాక్యాలు మాత్రం నేటి భాషలోనే రాస్తారు. మన తెలుగులో స్పెల్లింగు సులువే, కానీ ఎవరూ మాట్లాడని గ్రాంథిక వాక్యాలను పరీక్షలో రాయమనేవాళ్ళు. దీని మీద పంతులు గారు 1911లో ఉద్యోగం వదిలి పోరాటంలో దిగినారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపినారు. పెద్ద పెద్ద పండితులు ఎదురు నిలిచినారు. స్కూలు ఫైనలులో వాడుక భాషలో రాయొచ్చని ఒకసారి అనుమతి ఇచ్చి, పండితుల గోల వల్ల ప్రభుత్వమే వెనక్కు తీసుకుంది.

ఇంత గొడవలో కూడా సవరను మరువలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినాయి. ఇంగ్లీషు స్పెల్లింగు లాగా ఒక అక్షరానికి నాలుగు శబ్దాలు కాకుండా, ఒక్కో శబ్దానికి ఒక్కో గుర్తు పెట్టినారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినప్పుడు అది గిట్టక రాజమండ్రికి వెళ్ళిపోయినారు. అదే ఏడు సవరల్లోనే మంగై గొమాంగో అనే ఆయన 24 అక్షరాలతో సవరకు సొంత లిపి తయారుచేసినాడు. పంతులు గారు 1940 జనవరి 22న కన్నుమూసినారు.

2004లో మన రాష్ట్రంలో గిరిజన పిల్లలకు ఇంటి భాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎనిమిది భాషలు తీసుకున్నారు: సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, లంబాడీ, ఆదివాసీ ఒరియా. పుస్తకాలు తెలుగు అక్షరాలతోనే. మన జిల్లా సుగాలీ పిల్లకాయల లంబాడీ అందులో ఉంది. ఎరుకల భాష లేదు.