కోట బ్యాండు బాణీలకు గుడి పాటలు: ముత్తుస్వామి దీక్షితుల వారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యవర్గం వారు కోరగా, కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితుల వారిని ఎంచుకున్నాను. ఆయన కావేరి సీమ వారు గదా, కరీంనగర్, ఆదిలాబాద్ పింఛనుదారులకు ఆయనతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. పని ఉన్నది.

మన వైపు పెండ్లి బరాత్‌లో క్లారినెట్టు, బాకా, డ్రమ్ము లేకుండా ఊరేగింపు కదలదు. పోలీసు పరేడ్ మైదానంలో గణతంత్ర దినం నాడు వినేదీ ఆ వాద్యాలనే. ఇవి పల్టన్ బ్యాండ్ల నుంచి మనకు వచ్చినవి. ఇవి వచ్చి మన సన్నాయిని, డోలును మింగివేసినవని బాధపడే పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. పరాయి బాణీ ఇంట్లోకి వస్తే మన బాణీ పోవలసిందేనా? రెండు వందల ఏండ్ల క్రితమే ఈ ప్రశ్న దీక్షితుల వారి ముందుకు వచ్చింది. మాటలతో గాక పాటలతో ఆయన దానికి జవాబు చెప్పారు.

దీక్షితుల వారు 1775లో తిరువారూరులో జన్మించారు. తండ్రి రామస్వామి దీక్షితులు హంసధ్వని రాగాన్ని సృష్టించిన విద్వాంసుడు, తెలుగులో రచనలు చేసినవాడు. ముత్తుస్వామికి చిన్నస్వామి, బాలుస్వామి అని ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. పిల్లలు ఎదుగుతున్న కాలంలో కుటుంబం మద్రాసు దగ్గరి మణలికి చేరింది. అక్కడి జమీందారు వెంకటకృష్ణ మొదలియారు ఈస్టిండియా కంపెనీ వారికి దుబాసీ. తెల్లదొరల కొలువులో ఆయనకు మంచి పలుకుబడి ఉండేది. ఆయన ఈ అన్నదమ్ములను వెంటబెట్టుకొని సెయింట్ జార్జి కోటకు తీసుకుపోయి, అక్కడి బ్యాండు సంగీతం వినిపించేవారు.

కంపెనీ సైన్యంలో ఐర్లండు, స్కాట్లండు వాళ్లు చాలామంది. వాళ్ల ఊళ్లలో పిడేలు మీద, పిల్లనగ్రోవి మీద వాయించుకునే నృత్య బాణీలు సిపాయిలతో పాటు ఓడెక్కి మద్రాసు వచ్చాయి. ఆ విధంగా ఒక శ్రోత్రియ కుటుంబపు యువకుల చెవిన ఐరిష్ పల్లెపాట పడింది. బాలుస్వామికి పిడేలు మీద మనసు పోగా, మొదలియారు ఒక యూరోపియను ఉపాధ్యాయుని పెట్టి నేర్పించారు. ఆయన దాన్ని కర్ణాటక సంగీతానికి మలచుకున్నారు. ఈనాడు పిడేలు లేని కచేరీ లేదంటే, అందుకు తొలి బాట వేసినవారిలో ఆయన ఒకరు.

ముత్తుస్వామి వారు అటు తరువాత చిదంబరనాథ యోగి వెంట కాశీకి వెళ్లి కొన్ని సంవత్సరాలు గడిపారు. గంగలో ఆయనకు వీణ లభించిందని సంప్రదాయం చెబుతుంది. తిరిగివచ్చి తిరుత్తణిలో సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో తొలి కృతి పాడారు. అప్పటి నుంచి గురుగుహ అన్నది ఆయన ముద్ర. కంచి, తిరువారూరు, తంజావూరు, మధుర, ఇట్లా క్షేత్రం తరువాత క్షేత్రం తిరుగుతూ, ధనం కోసం ఎవరినీ యాచించకుండా జీవించారు. తంజావూరులో పొన్నయ్య, చిన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు సోదరులు ఆయన శిష్యులైనారు. వారిలో వడివేలు పిడేలు విద్వాంసుడై తిరువనంతపురం ఆస్థానంలో మన్నన పొందాడు. 1835లో దీపావళి నాడు ఎట్టయపురంలో దీక్షితుల వారు దేహం చాలించారు. తమ్ముడు బాలుస్వామి అక్కడే ఆస్థాన విద్వాంసులు.

ఇక అసలు విషయం. కోటలో విన్న బాణీలకు దీక్షితుల వారు సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. వీటిని నోటు స్వర సాహిత్యాలు అంటారు. ఇంగ్లీషు నోటు అన్న మాటే ఇందులో ఉన్నది. బ్రిటిష్ రాజగీతం బాణీలో సంతతం పాహిమాం అనే పాట కట్టారు. వందే మీనాక్షి అనే పాట ఐర్లండులోని మాలో పట్టణం పేరు మీద ప్రసిద్ధమైన ఒక నృత్య బాణీ. జగదీశ గురుగుహ అనే పాటకు స్కాట్లండు వారి రీల్ నృత్యం ఆధారం. మన మనుమలు బడిలో పాడే చుక్కల ఇంగ్లీషు పాట బాణీలో శ్యామలే మీనాక్షి ఉన్నది. నిజానికి అది ఫ్రెంచి వారి పాత బాణీ. రాజు పొగడ్త ఉన్నచోట దేవి పొగడ్త వచ్చింది. తాగి తిరిగే కుర్రకారు పాట ఉన్నచోట మధుర మీనాక్షి వచ్చి కూర్చున్నది.

ఆయన ఏమి తీసుకున్నారు, ఏమి వదిలారు అన్నది గమనించాలి. పాశ్చాత్యుల మేజర్ స్కేలు మన ధీరశంకరాభరణానికి సరిపోతుంది. కాబట్టి ఈ పాటలన్నీ శంకరాభరణ స్వరాలలోనే నడుస్తాయి. బ్యాండులో ఒక వాద్యం పాటను వాయిస్తుంటే తక్కినవి దాని కింద వేరే స్వరాలు పలికిస్తాయి. దీక్షితుల వారు ఆ పొత్తు స్వరాలను వదిలి, పాటను మాత్రమే పట్టుకున్నారు. గమకాలు పెట్టలేదు. స్వరాన్ని ఊపితే ఆ బాణీ బాణీగా మిగలదని ఆయనకు తెలుసు. బాణీలో స్వరం సాగినచోట గురువు, తెగినచోట లఘువు పడేటట్టు అక్షరాలు పేర్చారు. అదే శంకరాభరణంలో అక్షయలింగ విభో అనే ఆయన కృతి వినండి. ఏనుగు నడకలాగా సాగే ఆ కృతిలో బ్యాండు నీడ కూడా కానరాదు. పరాయి బాణీ విన్నందువల్ల ఆయన సొంత సొత్తు ఒక్క వీసం తరగలేదు. ఏది ఎక్కడ ఉండాలో తెలిసినవాడు గనుక రెండూ నిలిచినవి.

ఇవి పిల్లల పాటలని కొందరు తీసిపారేస్తారు. పిల్లలకు మొదట నేర్పవలసినవే. కాని నలుగురు కూడి వాయించడానికి ఇంతకన్న అనువైనవి లేవు. పదవీ విరమణ తరువాత నేను పిడేలుతో, మిత్రులు వేణువు, హార్మోనియం, మృదంగంతో వారానికొకసారి కూర్చుంటున్నాము. వందే మీనాక్షిని మేము కూర్చుకున్న పద్ధతి చెబుతాను. మొదటి ఆవృత్తి పిడేలు ఒక్కటే, కమాను జారకుండా, స్వరానికి స్వరం విడివిడిగా వాయిస్తాను. రెండవసారి వేణువు పై స్థాయిలో అందుకుంటుంది. మూడవసారి ఇద్దరం కలిసి వాయిస్తుంటే హార్మోనియం కింద షడ్జ గాంధార పంచమాలను పట్టి నిలుపుతుంది. పాట రిషభ నిషాదాల మీదికి పోయినప్పుడు ఆ మెట్లు మార్చాలి, లేకుంటే చెవికి గుచ్చుకుంటుంది. శ్రుతిపెట్టె మెల్లగా ఉండాలి. మృదంగం జతులు వేయకుండా చతురశ్ర నడక మాత్రం చూపాలి. సంతతం పాహిమాంకు మూడేసి దెబ్బల నడక. ఇంతే మా రహస్యం. ఆరు పదులు దాటిన వేళ్లకు కూడా ఇది లొంగుతుంది.

ఈ పాటలు మనదాకా వచ్చిన తీరు పింఛనుదారులు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది. మన తెలుగుకు ఎనలేని సేవ చేసిన సి.పి. బ్రౌన్ దొర సేకరణలో 1833 నాటి వ్రాతప్రతి ఒకటి ఉన్నది. అందులో పన్నెండు నోటు స్వరాలు దొరికినవి. అప్పటికి దీక్షితుల వారు జీవించే ఉన్నారు. తరువాత మద్రాసు సచివాలయ ఉద్యోగి అయిన ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు, మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో 1893లో అచ్చువేయసాగారు. క్రైస్తవ మతస్థుడైన ఆ ఉద్యోగి తన ధనాన్ని, ఆరోగ్యాన్ని ఈ పనికే ధారపోశారు. బాలుస్వామి వారి మనుమడు సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని, 1905లో ముప్పైమూడు నోటు స్వరాలతో ప్రథమాభ్యాస పుస్తకాన్ని ప్రకటించారు. అరవ దేశంలో, ఎట్టయపురంలో అచ్చయిన ఈ గ్రంథాలు తెలుగులో ఉన్నవి. ఒక దొర, ఒక గుమాస్తా కొలువు మనిషి, ఒక మనుమడు కాగితం మీద పెట్టకపోతే ఇవాళ మనం వాయించేందుకు ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు మన ఇంటి వైపు చూద్దాము. ఆదిలాబాద్ అడవులలో ప్రధానులు గోండు దేవతల కథలు పాడుతూ వాయించే కిక్రి కూడా కమానుతో పలికే తంత్రీ వాద్యమే, పిడేలుకు దూరపు చుట్టమే. ఉమ్మడి కరీంనగర్ పల్లెల్లో ఒగ్గు కథకు డోలు దరువులున్నవి, పెండ్లి తంతులో ఘట్టానికొక సన్నాయి బాణీ ఉన్నది. వాటిని చంపింది బ్యాండు కాదని నా అభిప్రాయం. రాసిపెట్టుకోకపోవడం చంపుతున్నది. ఐర్లండు పల్లె బాణీ తెలుగు లిపిలో భద్రంగా ఉండగా, మన పక్క ఊరి బాణీ ఏ కాగితం మీదా లేకపోవడం మనకు శోభ కాదు.

మనం ఉద్యోగ జీవితమంతా ఫైళ్లు రాసినవాళ్లం. తేదీ, స్థలం, పేరు తప్పకుండా నమోదు చేయడం మన చేతికి అలవాటైన పని. మీ ఊళ్లో సన్నాయి, డోలు, కిక్రి వాయించే వృద్ధులుంటే వారి దగ్గర కూర్చోండి. ఏ బాణీ, ఏ సందర్భం, ఎవరి వద్ద నేర్చారు అన్నది రాయండి. స్వరాలు తెలియనివారు మనుమల ఫోనులో రికార్డు చేయించి తెచ్చినా చాలు, స్వరపరచి మా చిన్న బృందంలో వాయించే పూచీ మాది. వాయించిన వారికి తగిన పారితోషికం ఇవ్వడం మరువకండి. దీక్షితుల వారికి మనం చేయగల ఆరాధన ఇదేనని నేను నమ్ముతున్నాను.