అంగారకుడిపై చదరంగం పరిచిన రచయిత ఎడ్గార్ రైస్ బరోస్

టార్జాన్ పేరు వినని పాఠకుడు ఉండడు. ఆ పాత్రను సృష్టించిన అమెరికన్ రచయిత ఎడ్గార్ రైస్ బరోస్ అంతకు ముందే అంగారక గ్రహంపై ఒక సంపూర్ణ ప్రపంచాన్ని నిర్మించాడన్న సంగతి మాత్రం మన దేశంలో అంతగా ప్రచారంలో లేదు. పాతకాలపు గ్రహాంతర సాహసాలను ఇతివృత్తంగా తీసుకొని, బల్ల చుట్టూ కూర్చొని ఆడే రోల్ ప్లేయింగ్ గేములను రూపొందించేవారికి నేటికీ ఆయనే మూలపురుషుడు.

బరోస్ 1875 సెప్టెంబరు 1న షికాగోలో జన్మించాడు. తండ్రి అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడిన సైనికాధికారి. కుమారుడు కూడా సైన్యంలో రాణించాలని ఆశించాడు గానీ వెస్ట్ పాయింట్ ప్రవేశ పరీక్ష గట్టెక్కలేదు. 1896లో సాధారణ సిపాయిగా ఏడవ అశ్విక దళంలో చేరి అరిజోనాలోని ఫోర్ట్ గ్రాంట్‌కు వెళ్లాడు. గుండె జబ్బు ఉన్నట్లు తేలడంతో మరుసటి ఏడాదే సైన్యం ఆయనను ఇంటికి పంపివేసింది. అయితే ఆ ఎడారి ఆయన మనసులో నిలిచిపోయింది. ఆ తరువాత వర్ణించిన అంగారక భూములలో అరిజోనా ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆయన తొలి కథానాయకుడు అంగారకుడికి బయలుదేరేది కూడా అరిజోనాలోని ఒక గుహ నుంచే.

తరువాతి పదిహేనేళ్లూ వరుస వైఫల్యాలే. పశువుల మందలు కాశాడు, బంగారు తవ్వకాల్లో పని చేశాడు, సాల్ట్ లేక్ సిటీలో రైల్వే పోలీసుగా ఉన్నాడు. ఒక పెద్ద వాణిజ్య సంస్థలో గుమస్తాల విభాగాన్ని నడిపాడు. ఏదీ నిలబడలేదు. 1911లో పెన్సిల్ చెక్కే యంత్రాల వ్యాపారం చేస్తున్నప్పుడు ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. చేతిలో డబ్బు లేదు. ప్రకటనలు సక్రమంగా అచ్చయ్యాయో లేదో చూడటానికి చవక పత్రికలు తిరగేస్తూ, ఇంతకంటె అధ్వానంగా తాను మాత్రం రాయలేనా అనుకొని కలం పట్టాడు.

అలా పుట్టిన అంగారక కథను ఆల్-స్టోరీ పత్రిక 400 డాలర్లకు కొని 1912 ఫిబ్రవరి నుంచి జూలై వరకు ధారావాహికగా ప్రచురించింది. తనకు మతి చలించలేదని పాఠకులకు సూచించేందుకు బరోస్ నార్మల్ బీన్ అనే కలం పేరు పెట్టుకున్నాడు. పత్రికవారు దానిని అచ్చుతప్పుగా భావించి నార్మన్‌గా సరిదిద్దారు. అదే ఏడాది అక్టోబరులో టార్జాన్ వెలువడటంతో ఆయన పేదరికానికి తెర పడింది.

ఆ రోజుల్లో అంగారకుడిపై కాలువలు ఉన్నాయని, ఎండిపోతున్న గ్రహానికి నీరందించేందుకు అక్కడి నాగరిక జాతులే వాటిని తవ్వుకున్నాయని ఖగోళ పరిశోధకుడు పెర్సివల్ లోవెల్ వాదిస్తుండేవాడు. బరోస్ ఆ వాదాన్ని అందిపుచ్చుకొని తన గ్రహానికి బర్సూమ్ అని పేరు పెట్టాడు. ఇంకిపోయిన సముద్రాలు, శిథిల నగరాలు, పరస్పరం పోరాడే జాతులు, గాలిలో తేలే నౌకలు, ఎనిమిది కాళ్ల వాహన జంతువులు, వాటన్నిటికీ పేర్లు, కొలమానాలు. భూమిపై ఆకర్షణలో సుమారు 38 శాతమే అక్కడ ఉంటుంది కనుక భూలోక వీరుడు అవలీలగా ఎగిరి దూకగలడు. 1920లో పుస్తకరూపం పొందిన తూవియా నవలకు పదకోశమే జోడించాడు. గేమ్ రూపకర్తకు కావలసిన సామగ్రి ఇదే. లోకం ముందు స్థిరపడితే, అందులో సాహసాలు ఎన్నైనా పుడతాయి.

1922 నాటి ద చెస్‌మెన్ ఆఫ్ మార్స్ నవలలో బరోస్ మరో అడుగు వేసి స్వయంగా ఒక ఆటను రూపొందించాడు. దాని పేరు జెటాన్. నలుపు, నారింజ రంగుల నూరు గళ్ల పలకపై ఒక్కొక్క పక్షానికి ఇరవై పావులు. నాయకుడు, రాకుమారి, వాయునౌక, ఆశ్వికుడి వంటివాడు, కిరాయి సైనికులు: నాలుగు అంగాల సేన నుంచి పుట్టిన మన చతురంగానికి దూరపు బంధువులే. ప్రత్యర్థి రాకుమారిని పట్టుకున్నా, నాయకుడు నాయకుడినే పట్టుకున్నా గెలుపు. మరే పావు నాయకుడిని తీసినా ఆట సమానమే. రాకుమారికి ఆట మొత్తంలో ఒక్కసారి తప్పించుకొనే అవకాశం ఉంది. నవలలోని మనాటార్ నగరంలో ఈ ఆటను సజీవులైన మనుషులతో ఆడతారు. గడిలోకి ప్రవేశించినంత మాత్రాన పావు చావదు, ఆ గడి కోసం ఇద్దరూ కత్తి దూయాలి. పలకపై ఎత్తు ఒకటి, పోరులో పాత్ర సామర్థ్యం మరొకటి. రోల్ ప్లేయింగ్ గేముల ప్రాణసూత్రం అర్ధశతాబ్ది ముందే ఇక్కడ కనిపిస్తుందనడం అతిశయోక్తి కాబోదు.

బరోస్‌లోని లోపాలనూ దాచనక్కరలేదు. ఆయన కథానాయకుడు జాన్ కార్టర్ బానిసత్వాన్ని కాపాడుకొనేందుకు యుద్ధం చేసిన దక్షిణాది సేనలో కెప్టెన్. జాతుల గుణగణాలు పుట్టుకతోనే నిర్ణయమవుతాయన్న భావన ఆయన రచనలనిండా ఉంది. ఆఫ్రికాలో అడుగుపెట్టకుండానే ఆఫ్రికాను వర్ణించాడు. ఆ ప్రపంచాన్ని ఆటగా మలిచే నేటి రూపకర్త ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో తేల్చుకోక తప్పదు.

1919లో కాలిఫోర్నియాలో కొన్న భూమికి ఆయన టార్జానా అని పేరు పెట్టాడు. నేడది లాస్ ఏంజెలెస్‌లో ఒక పేట. 1923లో తన పేరిటే సంస్థను నెలకొల్పి రచనల హక్కులను భద్రపరచుకున్నాడు. పెర్ల్ హార్బర్‌పై దాడి జరిగిన నాడు హవాయిలోనే ఉన్న బరోస్, అరవై ఆరేళ్ల వయసులో యుద్ధ విలేకరి అయ్యాడు. 1950 మార్చి 19న కన్నుమూశాడు.

1965లో మారినర్ 4 పంపిన ఛాయాచిత్రాలలో కాలువలు లేవు, నగరాలు లేవు. ఉన్నవి ఉల్కల గుంతలు. శ్రీహరికోట నుంచి బయలుదేరి 2014లో కక్ష్యలో చేరిన మన మంగళయాన్ చూసిందీ ఆ నిర్జన గ్రహాన్నే. అయినా 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి ముద్రణ ముందుమాటలో బరోస్ అంగారక సాహసాల ప్రస్తావన ఉంది. సంచార పట్టికలలో బర్సూమ్ జంతువులూ చేరాయి. అదే ఏడాది గైగాక్స్, బ్రయాన్ బ్లూమ్ వారియర్స్ ఆఫ్ మార్స్ అనే బొమ్మల యుద్ధక్రీడను అనుమతి లేకుండానే వెలువరించగా, అది కొద్దికాలానికే అంగళ్ల నుంచి మాయమైంది. జెటాన్ ఔత్సాహికులు మాత్రం నేటికీ పావులు చెక్కుకుంటూనే ఉన్నారు. నవల మధ్యలో చెప్పిన నియమాలకూ చివరి అనుబంధంలోని నియమాలకూ పూర్తిగా పొసగకపోవడంతో, ఏ పావు ఎలా నడవాలన్న వాదం వారి మధ్య ఇంకా తెగలేదు.