ఒక రాత్రి దొరికిన స్థానం

మన పర్చూరు వారికి బాపట్ల పొరుగూరు వంటిది. మహానటులు స్థానం నరసింహారావుగారు 1902 సెప్టెంబరు 23న ఆ బాపట్లలోనే జన్మించినారు. 1920 ప్రాంతమున ఒక రాత్రి అక్కడ హరిశ్చంద్ర నాటకమునకు చంద్రమతి వేషధారి రాలేదు. ఆ కొరత తీర్చుటకు, అప్పటికి ఏ పేరూ లేని నరసింహారావుగారు ఆ వేషము కట్టి రంగమెక్కినారు.

పిమ్మట తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి పాత్రలకు జీవం పోసినారు. పాత్రకొక నడక, పాత్రకొక చీరకట్టు సాధించినారు. 1956లో పద్మశ్రీ అందుకొని, 1971లో కన్నుమూసినారు.

ఆయన కీర్తి కష్టార్జితము. కాని ఆ కాలముననే కంట్రాక్టు నాటకాలు ప్రబలినవి. పేరుమోసిన నటులను పలుచోట్ల నుండి రప్పించి, కలసి సాధన చేయకుండనే, ఒక్క రాత్రి ఆడించి కంట్రాక్టర్లు టిక్కెట్లు అమ్మేవారు. జనం కథను మరచి పేర్ల కొరకు, పద్యాల కొరకు వచ్చేవారు. నెలల తరబడి సాధన చేసిన చిన్న సమాజాల నటులకు రంగస్థలమే కరవైనది. వారిలో ఎందరు స్థానంవారు మరుగుపడినారో చెప్పగలవారెవరు?

ప్రతిభ నరసింహారావుగారిదే. కాని అది లోకానికి తెలియుటకు ఆ రాత్రి ఒక వేషం ఖాళీ పడవలసివచ్చినది. పాఠశాల వార్షికోత్సవములలో ఏటేటా ఒకే పిల్లవానికి కృష్ణవేషమిచ్చే ఉపాధ్యాయ మిత్రులారా! ఈసారి వెనుక బల్లమీది విద్యార్థిని పిలిచి చూడండి.