విషవాయువును పీల్చి చూచిన విజ్ఞాని : జాన్ స్కాట్ హాల్డేన్

పరుల ప్రాణరక్షణకై తమ ప్రాణాన్నే పణంగా పెట్టిన శాస్త్రజ్ఞులు అరుదు. అట్టివారిలో జాన్ స్కాట్ హాల్డేన్ ఒకరు. ఆయన 1860లో ఎడింబరో నగరంలో జన్మించి, అక్కడనే వైద్యవిద్య పూర్తిచేసి, ఆక్స్‌ఫర్డ్‌లో శరీరధర్మ శాస్త్రజ్ఞులుగా స్థిరపడ్డారు.

1896 జనవరిలో వేల్సులోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించి 57 మంది మరణించారు. హాల్డేన్ మృతదేహాలను పరీక్షించగా, పెక్కుమందిని బలిగొన్నది ప్రేలుడు కాదనీ, అనంతరం గనిలో వ్యాపించిన కార్బన్ మోనాక్సైడ్ అనీ తేలింది. ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఇది ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది.

అంతకు పూర్వమే హాల్డేన్ ఆ వాయువును తానే పీల్చి, తన రక్తాన్ని పరీక్షించుకొంటూ, కాళ్లు తడబడే వరకు లక్షణాలను నమోదు చేసికొన్నారు. కూర్చున్నంతసేపు మనిషికి తన దుస్థితి తెలియదు. లేవబోయినప్పుడు కాళ్లు సహకరించవు. ఆపద గుర్తించవలసిన బుద్ధియే ముందుగా మసకబారుతుంది. అందుచేత, మనిషికంటె ముందుగా సోలిపోయే ఎలుకలను, చిన్న పక్షులను గనులలోనికి తీసికొనిపోవలెనని ఆయన సూచించారు. అట్లు బ్రిటిష్ గనులలో ప్రవేశించిన కెనరీ పిట్టల స్థానాన్ని 1986 తరువాత యంత్రాలు ఆక్రమించాయి.

హాల్డేన్ 1936లో పరమపదించారు. బాల్యంలో తండ్రి ప్రయోగాలకు తోడుపడిన కుమారుడు జె. బి. ఎస్. హాల్డేన్ భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు భౌతికకాయం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. తండ్రి జీవించి యుండగా, కుమారుడు మరణానంతరం తమ దేహాలను విజ్ఞానానికి అర్పించారు.

ఇండ్లలో మ్రోగే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఆనాటి పిట్టకు వారసురాలే. అది మ్రోగినప్పుడు, ఒంట్లో బాగానే యున్నదని తర్కించరాదు. అందరినీ వెంటబెట్టుకొని తక్షణమే ఆరుబయటికి రావలెను. సహాయాన్ని అక్కడినుండియే పిలువవలెను. నిపుణులు చెప్పేవరకు తిరిగి లోనికి పోరాదు. అలారం లేని ఇండ్లే మన వద్ద అధికం. కనుక మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఉంచరాదనీ, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు వాడరాదనీ ప్రతి విద్యార్థీ తన ఇంటివారికి చెప్పవలెనని మేము కోరుతున్నాము. ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి అదియే.