మళ్ళీ మళ్ళీ మునిగే ఓడ : రాడ్ సెర్లింగ్ జీవితం
(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

యీ సంచిక కోసం ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని గూర్చి వ్రాసి యిమ్మని మా యూనియన్ సంపాదక మిత్రులు అడిగారు. బి.యస్సీ. వాణ్ణి గదా, ఏ రామన్ గారో ఐన్‌స్టైనో వస్తాడని వాళ్ళు ఎదురుచూసి వుంటారు. వాళ్ళను గూర్చి వ్రాసేవారు ప్రతి ఏడూ వుంటూనే వున్నారు. నేను ఒక టెలివిజన్ రచయితను ఎన్నుకొన్నాను. పేరు రాడ్ సెర్లింగ్. అమెరికావాడు. 1975లో చనిపోయాడు. టెలివిజన్‌కు కథలు వ్రాసినవాడి జీవితంలో మనకు పనికివచ్చేది ఏముంటుందని కొందరికి అనిపించవచ్చు. కాని ఆయన వ్రాసిన ఒక్క కథ చూశాక, ఆయన ఎవరో, యిట్లాంటి కథ ఎందుకు వ్రాశాడో తెలుసుకోకుండా వుండలేకపోయాను. అందుకని ముందు ఆ కథ చెప్తాను.

దాని పేరు 'జడ్జిమెంట్ నైట్'. తీర్పు రాత్రి అనుకోవచ్చు. 1959 డిసెంబరు 4న ప్రసారమైంది. నిడివి అరగంటకు లోపే. కాలం 1942, రెండో ప్రపంచయుద్ధం జోరుగా సాగుతున్న సంవత్సరం. లివర్‌పూల్ నుంచి న్యూయార్కుకు ఒక బ్రిటిష్ ఓడ పొగమంచులో ఒంటరిగా పోతూంది. డెక్కు మీద లాన్సర్ అనే జర్మన్ నిలబడి వున్నాడు. తాను యీ ఓడ ఎప్పుడు ఎక్కాడో అతనికి గుర్తులేదు. తోటి ప్రయాణికులను యింతకుముందే ఎక్కడో చూసినట్టుంది. జలాంతర్గాములు ఓడలను ఎట్లా వేటాడతాయో మాత్రం వివరంగా తెలుసు. ఎట్లా తెలుసో తెలియదు. రాత్రి ఒంటిగంటా పదిహేను నిమిషాలకు ఏదో ఘోరం జరుగుతుందని మాత్రం గట్టిగా తెలుసు. అందరినీ హెచ్చరిస్తాడు. ఎవరూ వినరు. సరిగ్గా ఆ వేళకు ఒక జర్మన్ జలాంతర్గామి పైకి తేలుతుంది. లాన్సర్ దూరదర్శినితో చూస్తాడు. దాని మీద కెప్టెన్ టోపీ పెట్టుకొని నిలబడివున్నది తానే! ఓడ మునుగుతుంది. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ పోతారు. ఆ తర్వాత జలాంతర్గామిలో కెప్టెన్ లాన్సర్ లెక్కలు వ్రాసుకొంటూ కనిపిస్తాడు. హెచ్చరిక కూడా చేయకుండా అంతమందిని చంపామే, ఆ ఓడమీది వాళ్ళతో పాటు మనమూ ఎల్లకాలం మునుగుతూ వుండాల్సివస్తుందేమోనని ఒక యువ అధికారి భయపడతాడు. కెప్టెన్ కొట్టిపారేస్తాడు. మరుక్షణం పొగమంచు, ఓడ, డెక్కు మీద లాన్సర్.

కాలం గుండ్రంగా తిరిగి అదే రాత్రికి వచ్చే కథలు యిప్పుడు సినిమాల్లో బోలెడు వస్తున్నాయి. వాటిలో చాలావరకు పొడుపుకథల వంటివి. నాయకుడు తెలివిగా దారి కనుక్కొని బయటపడతాడు, మనం చప్పట్లు కొడతాం. సెర్లింగ్ కథలో దారి లేదు. యీ వలయాన్ని ఆయన వినోదం కోసం కల్పించినట్టు లేదని ఆయన జీవితం చదివితే తెలుస్తుంది.

రాడ్ సెర్లింగ్ 1924 డిసెంబరు 25న న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. పెరిగింది బింగ్‌హామ్టన్ అనే చిన్న పట్టణంలో. తండ్రిది కొట్టు వ్యాపారం. పిల్లవాడు వాగుడుకాయ, పొట్టివాడు. 1943లో హైస్కూలు పూర్తికాగానే సైన్యంలో చేరిపోయాడు. విమానాల నుంచి గొడుగులతో దూకే పారాట్రూపర్ల దళంలో, పదకొండవ ఎయిర్‌బోర్న్ డివిజనులో, చేర్చుకొన్నారు. నాజీలతో పోరాడాలని ఆశపడి చేరినవాణ్ణి ఫిలిప్పీన్స్‌కు పంపించారు. లెయిటె ద్వీపం కొండల్లో వానలో, బురదలో, ఆకలితో నడిచాడు. మోకాలికీ మణికట్టుకూ గాయాలయ్యాయి. మోకాలు జీవితాంతం బాధపెట్టింది.

లెయిటెలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. తిండి లేక అలమటిస్తున్న సైనికులకు విమానాల నుంచి ఆహారం పెట్టెలు జారవిడుస్తున్నారు. అందరూ సంబరంలో వున్నారు. సెర్లింగ్ స్నేహితుడొకడు హాస్యం చెప్పి నవ్విస్తున్నాడు. పైనుంచి వచ్చిన పెట్టె ఒకటి సరిగ్గా అతని మీద పడింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. తుపాకి గుండుకు గాక అన్నం పెట్టెకు! పక్కనే వున్న సెర్లింగ్ బ్రతికాడు. తాను ఎందుకు బ్రతికాడో, వాడు ఎందుకు పోయాడో ఏ లెక్కకూ అందని విషయం. 1945లో ఆయన యింకా సైన్యంలో వుండగానే తండ్రి గుండెజబ్బుతో పోయాడు. కడచూపు దక్కలేదు. యింటికి వచ్చాక కూడా ఏళ్ళ తరబడి నిద్రలో యుద్ధం కలలుగా వచ్చి ఉలిక్కిపడి లేచేవాడట.

ఒహైయోలోని ఆంటియాక్ కాలేజీలో ముందు వ్యాయామ విద్యలో చేరి, తర్వాత సాహిత్యానికి మారాడు. మనసులో వున్నది బయటపడకపోతే వుండలేక వ్రాయడం మొదలుపెట్టినట్టు కనిపిస్తుంది. 1948లో కారొల్ అనే తోటి విద్యార్థినిని పెళ్ళిచేసుకొన్నాడు. 1950లో డిగ్రీ అయింది. సిన్సినాటీలో రేడియో ఉద్యోగం చేస్తూ రాత్రుళ్ళు నాటకాలు వ్రాసి పంపేవాడు. చాలావరకు తిరిగివచ్చేవి. 1955 జనవరిలో 'పాటర్న్స్' అనే నాటకం ప్రసారమైంది. ఒక పెద్ద కంపెనీలో ముసలి అధికారిని అవమానించి అవమానించి చంపుకుతినే కథ అది. అప్పట్లో టెలివిజన్ నాటకాలను నటులు నేరుగా ఆడేవారు. జనం అడిగితే నెల తిరక్కుండా నటులందరూ వచ్చి మళ్ళీ మొత్తం ఆడారు. సెర్లింగ్‌కు ఎమ్మీ బహుమతి వచ్చింది. ఆ తర్వాత మరో అయిదు వచ్చాయి.

ఆ సంవత్సరం ఆగస్టులోనే మిసిసిపీ రాష్ట్రంలో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి కుర్రవాణ్ణి తెల్లవాళ్ళు చంపి నదిలో పడేశారు. విచారణలో నిందితులిద్దరినీ జ్యూరీ విడిచిపెట్టింది. తన ఊరివాళ్ళు చేసిన హత్యను ఊరు ఊరంతా కలిసి ఎట్లా కప్పిపుచ్చుతుందో సెర్లింగ్ నాటకంగా వ్రాయబోయాడు. ప్రకటనలిచ్చే కంపెనీ భయపడింది. హతుడు నల్లవాడు కాకూడదన్నారు. యూదుడైనా వద్దన్నారు, ఎవరో పరదేశి అన్నారు. కథ దక్షిణాదిలో జరక్కూడదన్నారు. దక్షిణాదిని గుర్తుకు తెస్తుందని ఒక శీతలపానీయం సీసాను కూడా తీసేయించారు. 1956 ఏప్రిల్‌లో అది ప్రసారమయ్యేసరికి అందులో ఎమ్మెట్ టిల్ జాడ మిగల్లేదు. 1958లో మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి కథను వెనకటి శతాబ్దానికి తోసి, హతుణ్ణి మెక్సికన్‌ను చేయించారు.

తన చేతనే తన కథను యిట్లా కోయించడం సెర్లింగ్‌ను బాగా కుదిపింది. ఒప్పుకొన్నది ఆయనే, సంతకం ఆయనదే, డబ్బూ ఆయనే తీసుకొన్నాడు. యీ సంగతి ఆయన ఎన్నడూ దాచుకోలేదు. అందుకే ఆయన మీద నాకు గౌరవం ఎక్కువ. 1959లో ఒక టెలివిజన్ సంభాషణలో, కంపెనీలతో పోట్లాడి అలసిపోయానని, ఇక అట్లాంటి సామాజిక సమస్యల జోలికి పోనని చెప్పాడు. అందరూ నమ్మారు. ఆ అక్టోబరు 2న 'ది ట్విలైట్ జోన్' మొదలైంది. అంతరిక్ష నౌకలు, దయ్యాలు, కలలు. పిల్లల కథలే గదా అని కంపెనీవాళ్ళు వూరుకొన్నారు. బయట చెప్పనివ్వనిదంతా ఆయన వాటిలో పెట్టి చెప్పాడు. అయిదేళ్ళలో 156 కథలు వస్తే 92 ఆయనే వ్రాశాడు. (అప్పుడూ వదల్లేదు. 'జడ్జిమెంట్ నైట్' ఓడ మీద ఆంగ్లేయులు టీ అడిగితే, ప్రకటనలిచ్చేది కాఫీ కంపెనీ గనుక టీ మాట తీసేయమన్నారు. వందలమంది మునిగిపోయే కథలో వాళ్ళకు కనిపించింది టీ!)

యీ కథల్లో ఒక పద్ధతి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. తప్పు చేసేవాణ్ణి తీసుకుపోయి బాధపడేవాడి చోట కూర్చోబెట్టడం. 1961 నాటి 'ఎ క్వాలిటీ ఆఫ్ మెర్సీ'లో ఫిలిప్పీన్స్‌లో గుహలో దాక్కొన్న జపాను క్షతగాత్రులను చంపుదామని తొందరపడే అమెరికన్ కుర్ర లెఫ్టినెంటు వున్నట్టుండి జపాను లెఫ్టినెంటు అయిపోతాడు. సంవత్సరం 1942 అవుతుంది, గుహలో వున్నది అమెరికన్ క్షతగాత్రులు. ఆ నేల మీద తాను స్వయంగా జపానువాళ్ళతో పోరాడి గాయపడినవాడు ఆ కథ వ్రాశాడన్నది మరిచిపోకూడదు. అదే ఏడు, జెరూసలెంలో ఐక్‌మన్ విచారణ జరిగిన ఏడు, 'డెత్స్ హెడ్ రీవిజిటెడ్' వ్రాశాడు. డాఖౌ శిబిరంలో ఖైదీలను హింసించిన నాజీ అధికారి తన పాత వైభవాన్ని చూసుకొందామని అక్కడికి తిరిగి వెళ్తాడు. చనిపోయినవాళ్ళే కొలువుతీరి అతణ్ణి విచారిస్తారు. వాళ్ళు పడిన బాధ అంతా అతని ఒంటిమీద అనుభవానికి వస్తుంది, పిచ్చివాడైపోతాడు.

మాది వ్యవసాయ కుటుంబం. మా వైపు ఏరువాక సాగగానే ఏటా జరిగే అన్యాయం ఒకటుంది. దున్నుతూ దున్నుతూ పక్కవాడి గట్టును జానెడు చెక్కేయడం. జానెడే గదా! మరుసటేడు మరో జానెడు. చెక్కేవాడికి అది కనిపించదంటే నమ్మండి. నాగలి వెనక నిలబడి చూస్తే గట్టు ఎప్పుడూ ఉన్నచోటే వున్నట్టుంటుంది. అవతలి పొలంలో నిలబడి చూసినవాడికే ఎంత పోయిందో తెలుస్తుంది. లాన్సర్‌ను ఓడ ఎక్కించడమంటే అతణ్ణి అవతలి పొలంలో నిలబెట్టడమే అని నాకు అనిపిస్తుంది.

అయితే నాకొక సందేహం వుంది. మిత్రులతో వాదించాను గూడా. లాన్సర్‌కు ఏమీ గుర్తుండదు. ప్రతి రాత్రీ కొత్తగానే మునుగుతాడు. చేసినది గుర్తులేనివాడికి పశ్చాత్తాపం ఎట్లా కలుగుతుంది? భయం కలుగుతుంది, అంతే. ప్రయోగశాలలో మనమూ ఒకే ప్రయోగాన్ని పదిసార్లు చేస్తాం. రీడింగులు వ్రాసుకొంటాం గనుకనే అది ప్రయోగం. వ్రాసుకోకుండా లోలకాన్ని వందసార్లు వదిలితే అది వూగడమే గాని మరేమీ కాదు. ఐన్‌స్టైన్ సమీకరణాలకు కాలం తిరిగి తన దగ్గరికే వచ్చే సమాధానం ఒకటి వుందని 1949లో గోడెల్ చూపించాడు. అందులో తిరిగేవాడికి జ్ఞాపకం వుంటుందా లేదా అన్నది మాత్రం ఏ సమీకరణమూ చెప్పదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే కథ ఆ వరసలోనే 1961లో వచ్చింది. 'షాడో ప్లే'. వ్రాసింది సెర్లింగ్ కాదు, ఆయన తోటి రచయిత చార్లెస్ బ్యూమాంట్. ఒకడికి కోర్టు మరణశిక్ష వేస్తుంది. యిదంతా తన కల అని, రోజూ యిదే కల వస్తుందని, రోజూ తనను చంపుతున్నారని అతను మొత్తుకొంటాడు. అతనికి అన్నీ గుర్తే. ఎదుటివాళ్ళకు మాత్రం ఏదీ గుర్తులేదు, నమ్మరు. శిక్ష అమలవుతుంది. మళ్ళీ కోర్టు, మళ్ళీ తీర్పు, కాకపోతే నిన్నటి మనుషులే వేషాలు మార్చుకొని కనిపిస్తారు. ఒకడికి జ్ఞాపకం లేదు, మరొకడికి జ్ఞాపకం తప్ప చేతిలో మరేమీ లేదు. యిద్దరూ బయటపడరు. సెర్లింగ్ సొంత బ్రతుకు యీ రెంటికీ మధ్యన వుందనుకొంటాను. లెయిటె ఆయన నిద్రలోకి మళ్ళీ మళ్ళీ వచ్చింది. కాని తెల్లవారితే ఆయనకు గుర్తుండేది, చేతిలో పని వుండేది. కథను టేపు యంత్రంలోకి పలికి వ్రాయించేవాడు. లాన్సర్‌కు లేకుండా చేసిన అవకాశం ఆయనకు వుండింది, దాన్ని వాడుకొన్నాడు. ఆయన కథల్లో కొన్ని ఉపన్యాసాల్లా వుంటాయని, వేగంగా వ్రాయడం వల్ల పలచబడ్డాయని విమర్శ వుంది. అది నిజమే. నాకూ కొన్ని నచ్చలేదు.

1964లో ఆ వరస ఆగిపోయింది. తన వాటా హక్కులను ప్రసార సంస్థకే అమ్మేశాడు. తర్వాత అది దశాబ్దాల తరబడి తిరిగి తిరిగి ప్రసారమై దానికి ఎంత లాభం తెచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. 1968 నాటి 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' సినిమా రచనలో ఆయనకు భాగం వుంది. వియత్నాం యుద్ధాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఇథాకా కాలేజీలో మన వంటి కుర్రవాళ్ళకు పాఠాలు చెప్పాడు. సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చేవాడు. తెరమీద కూడా చేతిలో సిగరెట్టు లేకుండా కనిపించేది అరుదు. 1975 జూన్ 28న, గుండెకు శస్త్రచికిత్స తర్వాత, రోచెస్టర్‌లో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళే.

2019లో అదే పేరుతో కొత్తగా వచ్చిన వరసలో 'రీప్లే' అనే కథ వుంది. ఒక నల్లజాతి తల్లి తన కొడుకును కాలేజీలో చేర్చడానికి కారులో తీసుకుపోతూంటుంది. ఒక పోలీసు అడ్డం పడతాడు. ఆమె దగ్గరున్న పాత వీడియో కెమేరా మీట నొక్కితే కాలం వెనక్కి పోతుంది. ఎన్నిసార్లు నొక్కినా, ఏ దారిన పోయినా, ఆ పోలీసు ఎదురవుతూనే వుంటాడు. 1956లో ఆయన చేత తీసేయించిన కుర్రవాడు అరవైమూడేళ్ళకు యిట్లా ఆయన పేటలోకే వచ్చి నిలబడ్డాడు.

ఆంటియాక్‌లో చదివే రోజుల్లో, ఇంచుమించు మన వయసులో, సెర్లింగ్ లెయిటె మీద ఒక కథ వ్రాసి పెట్టుకొన్నాడు. అయిదుగురు సైనికుల కథ. అది అచ్చయింది 2024లో. అప్పటికి యింకా పుట్టని తన పిల్లలకు దాన్ని అంకితమిచ్చాడు.